ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు స్కౌటింగ్ ర్యాంకులు: నియమాలను ఎలా చదవాలి, ఏది ఎప్పుడు అడగాలి

అమెరికాలో పిల్లల్ని స్కౌట్స్‌లో చేర్చే తెలుగు ఇళ్లలో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం, నేర్చుకోవడంలో ఇబ్బందులు ఉన్న పిల్లల విషయానికి వచ్చేసరికి రెండు మాటలు వింటూ ఉంటాను. ఒకటి, "మావాడి వల్ల ఎక్కడవుతుందిలే, సరదాకి వెళ్తున్నాడు, అంతే." రెండోది, "స్కౌట్ మాస్టర్ మంచాయన, చూసీచూడనట్టు సంతకం పెట్టేస్తాడు." మొదటి మాట పిల్లవాడికి అన్యాయం చేస్తుంది. రెండోది ఇంకా ఎక్కువ చేస్తుంది. ఎందుకంటే కొన్నేళ్ల తర్వాత అన్నిటికన్నా పై ర్యాంకైన ఈగిల్ దగ్గరకొచ్చాక ఎవరో ఒకరు పాత రికార్డు తిరగేసి, "ఇది ఎవరు ఆమోదించారు?" అని అడిగితే చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. నియమాలు ఈ పిల్లలకు చాలా వెసులుబాటు ఇస్తాయి. దాన్ని వరుసలో, రాతపూర్వకంగా, పని మొదలుపెట్టక ముందే తీసుకోవాలి.

బాయ్ స్కౌట్స్ అని మనం ఇప్పటికీ పిలిచే సంస్థ పేరు 2025 ఫిబ్రవరి 8 నుంచి స్కౌటింగ్ అమెరికా. కింద చెప్పేదంతా ఆ సంస్థ నియమాల గురించే. మన ఊళ్లలో జిల్లా పరిషత్ హైస్కూల్లో భారత్ స్కౌట్స్‌లో ఉన్నవాళ్లకు ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్ గుర్తుంటాయి. ఇక్కడి నిచ్చెన అదే తరహా: స్కౌట్, టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్, స్టార్, లైఫ్, ఈగిల్. ఈ ఏడింటి మధ్యలో ఒక గీత ఉంది. ఫస్ట్ క్లాస్ వరకు ఒక రకం వెసులుబాటు, ఆ పైన మరో రకం.

ఇంకా ఐదో తరగతి దాటని కబ్ స్కౌట్ల తల్లిదండ్రులకు ఇంత తతంగం అక్కర్లేదు. కబ్స్‌కు కొలబద్ద "నీ శక్తిమేర చేయి" అనేదే. పిల్లవాడు శక్తిమేర చేశాడా లేదా అన్నది డెన్ లీడర్ (కబ్స్ చిన్న జట్టును చూసుకునే పెద్ద), తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోతుంది. ఒకే ఒక్క జాగ్రత్త: ఈ అలవాటుతోనే స్కౌట్స్‌లోకి వస్తే మొదటి నెలలోనే తల బొప్పి కడుతుంది, ఎందుకంటే అక్కడ శక్తిమేర చేస్తే సరిపోదు. రాసిందే చేయాలి.

మెట్టు 1: ఏ పుస్తకం చూడాలి

ర్యాంకులు, బ్యాడ్జీల విషయంలో చివరి మాట "గైడ్ టు అడ్వాన్స్‌మెంట్" అనే అధికారిక పుస్తకానిది. సంస్థ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. అందులో పదో విభాగం మొత్తం ప్రత్యేక అవసరాలున్న సభ్యుల గురించే. ముందు దాన్ని ఒకసారి మొత్తం చదవండి. స్కౌట్ మాస్టర్ చదివి ఉంటాడన్న భరోసా పెట్టుకోకండి. ఆయన కూడా మనలాగే ఉద్యోగం చేసుకుంటూ వారానికొక సాయంత్రం ఇచ్చే వాలంటీరే.

ఆ పుస్తకంలో ఎక్కువమంది గుర్తుపెట్టుకునే నియమం: రిక్వైర్‌మెంట్‌ను, అంటే ర్యాంకుకో బ్యాడ్జీకో చేయాల్సిన పనిని, రాసింది రాసినట్టే పూర్తిచేయాలి, తక్కువా కాదు, ఎక్కువా కాదు. "చూపించు" అని ఉంటే చూపించాలి, నోటితో చెబితే చాలదు. "తయారుచేయి" అంటే తయారుచేయాలి. ఈ వాక్యం వినగానే మన తల్లిదండ్రులకు గుండె జారిపోతుంది. కానీ అందులో రెండో సగం మన పిల్లల పక్షాన ఉంది. ఎక్కువ అడగకూడదు! రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడు మెరిట్ బ్యాడ్జ్ కౌన్సిలర్ (ఒక్కో అంశంలో ఇచ్చే బ్యాడ్జీకి పని చేయించి సంతకం పెట్టే పెద్ద) దగ్గరకు వెళ్తాడు. రిక్వైర్‌మెంట్‌లో "చర్చించు" అని ఉంటుంది. కౌన్సిలర్ ఇంటర్నెట్‌లో దొరికే పన్నెండు పేజీల వర్క్‌షీట్ ఇచ్చి, నింపుకుని రమ్మంటాడు. పిల్లవాడు మూడో పేజీలోనే పెన్ను విసిరికొడతాడు. అక్కడ మీరు మినహాయింపు అడగనక్కర్లేదు. "చర్చించు" అనే కదా ఉంది, చర్చిస్తాడు అని మర్యాదగా గుర్తుచేయండి. వర్క్‌షీట్లు తప్పనిసరి చేయడానికి ఎవరికీ అధికారం లేదు.

మెట్టు 2: ఏం అడిగారు, ఎలా చేయాలన్నారు

ఈ మెట్టు మీదే ఎక్కువ సమయం పెట్టండి. నా అంచనాలో సగానికి సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి, కౌన్సిల్ (మీ ప్రాంతంలోని ట్రూప్‌లను, అంటే స్కౌట్ బృందాలను, చూసుకునే స్థానిక సంస్థ) దాకా వెళ్లే పనే ఉండదు.

స్కౌట్ హ్యాండ్‌బుక్ తీసుకుని, పిల్లవాడు ఇప్పుడు చేస్తున్న ర్యాంకులో ప్రతి రిక్వైర్‌మెంట్ పక్కన పెన్సిల్‌తో క్రియాపదం కింద గీత గీయండి. చెప్పు, చూపించు, వివరించు, కట్టు, ఈదు, పాల్గొను. తర్వాత ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ పని ఫలానా పద్ధతిలోనే చేయాలని రాశారా, లేక అది మన ఊహా?

స్కౌట్ ర్యాంక్ మొదటి రిక్వైర్‌మెంట్ స్కౌట్ ప్రమాణం, చట్టం, మోటో, స్లోగన్ జ్ఞాపకం నుంచి చెప్పి, వాటి అర్థం సొంత మాటల్లో వివరించడం. మాటలు రాని పిల్లవాడు సైగల భాషలో చెబితే, అదే అతని మాట. ట్యాబ్లెట్‌లో బొమ్మలు, పదాలు నొక్కి మాట్లాడే పిల్లవాడైతే ఆ ట్యాబే అతని నోరు. అయితే ఇక్కడొక సన్నని గీత ఉంది. పన్నెండు గుణాల స్కౌట్ చట్టం మొత్తాన్ని ఒకే బటన్ కింద రికార్డు చేసి, పిల్లవాడితో ఆ బటన్ నొక్కిస్తే అది జ్ఞాపకం నుంచి చెప్పడం కాదు. ఒక్కో గుణాన్ని తనే వెతికి వరుసగా నొక్కితే అది అతను చెప్పినట్టే. మొదటిసారి పావుగంట పట్టినా పట్టనివ్వండి. ఎక్కువ సమయం ఇవ్వడం, సాయపడే పరికరాలు వాడనివ్వడం రెండూ గైడే చెప్పిన దారులు.

టెండర్‌ఫుట్‌లో ముడులు. రెండు చేతులతో కట్టాలని ఎక్కడా లేదు. ఒక చేయి సరిగా పనిచేయని పిల్లవాడికి లావుపాటి తాళ్లు రెండు రంగుల్లో ఇచ్చి, ఒక కొసను బల్లకు బిగిస్తే స్క్వేర్ నాట్ పడుతుంది. అదే అమ్మ తన చేతుల్తో కట్టి, చివర్న పిల్లవాడితో లాగించి "కట్టాడు" అంటే చెల్లదు.

టెండర్‌ఫుట్ వ్యాయామాన్ని చూసి చాలామంది బెదిరిపోతారు. పుషప్స్, సిటప్స్, కూర్చుని ముందుకు వంగడం, ఒక మైలు నడక లేదా పరుగు. కానీ ఎన్ని చేయాలో ఎక్కడా రాయలేదు. మొదట ఎన్ని చేయగలడో రాసుకుని, 30 రోజులు సాధన చేసి, ఒక్కో అంశంలో కొంతైనా మెరుగు చూపిస్తే చాలు. మూడు పుషప్స్ నాలుగైతే మెరుగే. మైలు 31 నిమిషాల్లో చేసినవాడు 30 నిమిషాల్లో చేస్తే మెరుగే. ఇక్కడ మినహాయింపు అడిగితే, పిల్లవాడికి దక్కాల్సిన నిజమైన విజయాన్ని మనమే లాక్కున్నట్టు.

ఇక సెకండ్ క్లాస్‌లో మ్యాప్, దిక్సూచితో చేసే ఐదు మైళ్ల హైక్. వీల్‌చెయిర్, ఊతకర్రలు వాడేవాళ్లు, తిరగడం కష్టమైనవాళ్లు "హైక్" అన్నచోట "ప్రయాణం" అని చదువుకోవచ్చని హ్యాండ్‌బుక్ కింద చిన్న అక్షరాల్లో ముందే ఉంది. ఎవరి అనుమతీ అవసరం లేదు. చిన్న అక్షరాలు చదవక అప్లికేషన్ పెట్టుకున్నవాళ్లున్నారు.

మెట్టు 3: మూడు అనుమతులు, మూడూ వేరు

పై వడపోత అయ్యాక కూడా కొన్ని మిగులుతాయి. ఎన్ని పరికరాలిచ్చినా, ఎంత సమయమిచ్చినా అవి పిల్లవాడి వల్ల కావు. అప్పుడే కౌన్సిల్ తలుపు తట్టాలి. ఈ తలుపులు మూడు:

ఫస్ట్ క్లాస్ వరకున్న ర్యాంకుల్లో ఒక రిక్వైర్‌మెంట్‌కు బదులు మరొకటి.
ఈగిల్‌కు తప్పనిసరి మెరిట్ బ్యాడ్జీకి బదులు మరో బ్యాడ్జి.
18 ఏళ్లు దాటినా యువ సభ్యుడిగా కొనసాగడం.

ఒకదానికి ఆమోదం వస్తే మిగతావి వాటంతటవే రావు. "18 దాటినా ఉండొచ్చన్నారు కాబట్టి స్విమ్మింగ్ కూడా అక్కర్లేదు" అనుకున్న ఇళ్లు ఉన్నాయి. అది వేరు, ఇది వేరు. మరొకటి: వీటిని మంజూరు చేసేది స్కౌట్ మాస్టర్ కాదు, ట్రూప్ కమిటీ కాదు, వేసవి క్యాంపు సిబ్బంది అసలే కాదు. కౌన్సిల్ స్థాయిలోనే జరగాలి.

మెట్టు 4: ప్రత్యామ్నాయ రిక్వైర్‌మెంట్ అడగడం

ఎవరికి వర్తిస్తుందంటే, శాశ్వత వైకల్యం, లేదా రెండేళ్లకు పైగానో 18వ పుట్టినరోజు దాటేదాకానో ఉంటుందని భావించే వైకల్యం ఉన్నవాళ్లకు. చెయ్యి విరిగి కట్టు వేసుకున్న పిల్లవాడికి వర్తించదు. కట్టు తీసేదాకా ఆగాలి.

ముందు, చేయగలిగిన మామూలు రిక్వైర్‌మెంట్లన్నీ చేసేయాలి. ఇది సలహా కాదు, విధానంలోనే మొదటి అడుగు. కౌన్సిల్ అడ్వాన్స్‌మెంట్ కమిటీ మొదట చూసేది, మిగతా గళ్లలో సంతకాలు ఉన్నాయా అనే.

తర్వాత వైద్య పత్రం. లైసెన్సున్న హెల్త్ కేర్ ప్రొఫెషనల్ సంతకంతో ఉండాలి. మనవాళ్లు తరచూ తెచ్చేది వ్యాధి పేరు, ఒక కోడ్ ఉన్న ఒక పేజీ. కొందరు ఇండియా నుంచి వచ్చినప్పుడు తెచ్చుకున్న సదరం సర్టిఫికెట్ పెడతారు, శాతం వేసి ఉంటుంది కదా అని. శాతంతో ఇక్కడ పనిలేదు. ఏం చేయగలడు, ఏం చేయలేడు, ఇది ఎంతకాలం ఉంటుంది, ఈ మూడు ఉండాలి. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ రిక్వైర్‌మెంట్ పేజీ ప్రింట్ తీసుకెళ్లండి. "ఈ వాక్యం చదివి, ఇందులో ఏ భాగం చేయలేడో రాయండి" అని అడిగితే డాక్టర్‌కూ పని తేలిక. స్కూల్ నుంచి వచ్చిన ఐఈపీ (పిల్లవాడి ప్రత్యేక విద్యా ప్రణాళిక) మంచి తోడు కాగితం.

ఆపైన ట్రూప్ లీడర్, తల్లిదండ్రులు ఉత్తరాలు రాస్తారు. వీలైతే పిల్లవాడి మాట కూడా జతచేయాలి. "ఇండివిడ్యువల్ స్కౌట్ అడ్వాన్స్‌మెంట్ ప్లాన్" అనే 512-936 నంబరు ఫారం దీనికి వెన్నెముక. ఏ రిక్వైర్‌మెంట్ ఎలా చేస్తాడో అందులో వరుసగా రాసుకోవచ్చు.

ఉత్తరంలో మనం సాధారణంగా చేసే పని బతిమాలడం. "మా అబ్బాయికి చాలా కష్టం, దయచేసి స్విమ్మింగ్ నుంచి మినహాయించండి." ఇది పనికిరాదు. మినహాయింపు అనేది ఈ వ్యవస్థలో లేదు. ఉన్నది బదులు మాత్రమే, అదీ అంతే కష్టమైనది. కాళ్ల కండరాలు బిగిసిపోయే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదమూడేళ్ల అబ్బాయి ఉన్నాడనుకుందాం. ఫస్ట్ క్లాస్‌కు స్విమ్మర్ టెస్టు కావాలి: తల మునిగే నీళ్లలోకి కాళ్లు ముందుగా దూకడం, 75 గజాలు గట్టిగా ఈదడం, 25 గజాలు వెల్లకిలా తేలికగా ఈదడం, ఆపైన తేలియాడటం. ఉత్తరం ఇలా ఉంటే కమిటీ ఆసక్తిగా చదువుతుంది (రాసేది ఇంగ్లీషులో కాబట్టి భావం మాత్రం ఇస్తున్నా):

"గత వేసవి నుంచి వారానికి రెండుసార్లు కొలనుకు వెళ్తున్నాడు. కాళ్లు ముందుగా దూకలేడు, లైఫ్ జాకెట్ లేకుండా తల పైకి ఉంచలేడు. డాక్టర్ ఉత్తరంలో కారణాలున్నాయి. లైఫ్ జాకెట్ వేసుకుని, తనకు చేతనైన పద్ధతిలో, మధ్యలో ఆగినా సరే, 100 గజాలు పూర్తిచేయాలని మేం ప్రతిపాదిస్తున్నాం. దానితోపాటు ఈత భద్రతా నియమాలైన సేఫ్ స్విమ్ డిఫెన్స్‌లోని ఎనిమిది అంశాలను తన పెట్రోల్‌కు (ట్రూప్‌లోని చిన్న జట్టుకు) నేర్పిస్తాడు. ఈ శ్రమకు డాక్టర్ అనుమతి ఉంది."

ఇందులో జాలి ఒక్క ముక్క లేదు. ప్రయత్నం, అడ్డంకి, ప్రతిపాదన, కొలత, అనుమతి ఉన్నాయి. కమిటీ దీన్ని యథాతథంగా ఒప్పుకోవచ్చు, దూరం మార్చమనవచ్చు, పిల్లవాడితో మాట్లాడతామనవచ్చు. నిర్ణయం రాతపూర్వకంగా వచ్చేదాకా ఆ పని మొదలుపెట్టకండి. వచ్చాక ఒక కాపీ స్కౌట్ మాస్టర్‌కు, ఒకటి మీ ఫైల్లో. ప్రాజెక్టు మారి డల్లాస్ నుంచి న్యూజెర్సీకి సామాన్లు సర్దుకునే ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. కొత్త కౌన్సిల్‌లో మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఉండరు, కాగితమే మాట్లాడాలి.

మధ్యలో ఒక మాట. ఈ దశలో కొన్ని ఇళ్లలో అసలు అప్లికేషనే ఆగిపోతుంది. డయాగ్నోసిస్ బయటపెడితే ట్రూప్‌లో ఉన్న మిగతా తెలుగువాళ్లకు తెలుస్తుందని, తర్వాత గుడిలో ఎవరైనా అడుగుతారని టెన్షన్. ఆ భయం నాకు తెలుసు. కానీ ఈ సంస్థను మొదటి చీఫ్ స్కౌట్ ఎగ్జిక్యూటివ్‌గా 1943 దాకా నడిపిన జేమ్స్ ఇ. వెస్ట్ చిన్నతనంలో తుంటికి క్షయ సోకి, జీవితమంతా కుంటుతూనే నడిచిన మనిషి. వైద్య వివరాలు ఎవరెవరు చూస్తారో ముందే అడగండి. ట్రూప్‌లో అందరికీ చెప్పాల్సిన పని లేదు.

మెట్టు 5: స్టార్ నుంచి ఈగిల్ దాకా

గీత ఇక్కడే. స్టార్, లైఫ్, ఈగిల్ ర్యాంకుల్లో మెరిట్ బ్యాడ్జీల విషయంలో తప్ప మిగతా వేటికీ ప్రత్యామ్నాయం లేదు. ఫస్ట్ క్లాస్ తర్వాత స్టార్‌కు 4 నెలలు, స్టార్ తర్వాత లైఫ్‌కు 6 నెలలు, లైఫ్ తర్వాత ఈగిల్‌కు 6 నెలలు చురుగ్గా ఉండాలి. బాధ్యత గల పదవి చేయాలి. ఈగిల్ ప్రాజెక్టులో ఇతరులను నడిపించాలి.

వినడానికి కఠినంగా ఉంటుంది గానీ, మళ్లీ రెండో మెట్టు పాఠమే పనికొస్తుంది. పదవి అంటే పెట్రోల్ లీడరే కానక్కర్లేదు. హిస్టారియన్, లైబ్రేరియన్, వెబ్‌మాస్టర్ కూడా పదవులే. ట్రూప్ ఫొటోలన్నీ తేదీల వారీగా సర్దడం ఒక ఆటిజం ఉన్న పిల్లవాడికి శిక్ష కాదు, పండగ. స్టార్, లైఫ్‌లకైతే పదవి బదులు స్కౌట్ మాస్టర్ ఒప్పుకున్న లీడర్‌షిప్ ప్రాజెక్టు కూడా సరిపోతుంది. ఈగిల్‌కు ఈ ఎంపిక లేదు. ఈగిల్ ప్రాజెక్టుకు కనీస గంటలంటూ లేవు. నడిపించడం అంటే గట్టిగా అరిచి చెప్పడం కూడా కాదు. బొమ్మల కార్డులతో ఎవరు ఏ పని చేయాలో చూపించినా అది నాయకత్వమే.

బ్యాడ్జీలు. ఈగిల్‌కు మొత్తం 21 కావాలి, వాటిలో కొన్ని తప్పనిసరి. ఏ మెరిట్ బ్యాడ్జీలోనూ రిక్వైర్‌మెంట్లను మార్చడం కుదరదు. బ్యాడ్జీకి బదులు బ్యాడ్జీ అడగొచ్చు, అంతే. అడిగేముందు జాబితాను మళ్లీ చూడండి. స్విమ్మింగ్, హైకింగ్, సైక్లింగ్‌లో ఒకటి చాలు. ఎమర్జెన్సీ ప్రిపేర్డ్‌నెస్, లైఫ్‌సేవింగ్‌లో ఒకటి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, సస్టైనబిలిటీలో ఒకటి. ఒక్కరోజులో 20 మైళ్లు నడవాల్సిన హైకింగ్ కుదరని పిల్లవాడికి ఈత చక్కగా కుదరొచ్చు. ఎంపిక అందులోనే ఉన్నప్పుడు ప్రత్యామ్నాయం కోసం కౌన్సిల్ దాకా పోవడం ఎందుకు?

మూడూ కాదంటే 512-730 నంబరు అప్లికేషన్ ఉంది. ముందు తనవల్ల అయ్యే తప్పనిసరి బ్యాడ్జీలన్నీ సంపాదించాలి. వైద్య పత్రం ఇక్కడా కావాలి. బదులు ఎంచుకునే బ్యాడ్జీ అంతే శ్రమ, అలాంటి పాఠమే ఇవ్వాలి. స్విమ్మింగ్ స్థానంలో సగం పూటలో అయిపోయే ఫింగర్‌ప్రింటింగ్ రాస్తే కమిటీ నవ్వుకుంటుంది. శరీరానికి పని చెప్పే స్పోర్ట్స్‌లాంటిది రాయండి. శారీరక శ్రమ ఉన్నదైతే డాక్టర్ సమ్మతి జతచేయండి. ఆ బదులు బ్యాడ్జీని మాత్రం అక్షరం మార్చకుండా పూర్తిచేయాలి. కాబట్టి ఎంచుకునే ముందు దానిలోని చివరి రిక్వైర్‌మెంట్ దాకా చదవండి.

మెట్టు 6: బోర్డ్ ఆఫ్ రివ్యూ

ర్యాంకు పనులన్నీ అయ్యాక ముగ్గురు నుంచి ఆరుగురు పెద్దలు కూర్చుని పిల్లవాడితో మాట్లాడతారు. ఇది మళ్లీ పరీక్ష పెట్టడం కాదు. ముడి కట్టి చూపించమని అడగకూడదు. అయినా కొత్త గది, ఎదురుగా వరుసగా పెద్దవాళ్లు, కళ్లలోకి చూడాల్సిన పరిస్థితి, ఇవి చాలు కొందరు పిల్లలకు గొంతు పట్టేయడానికి. బోర్డుకు వారం ముందే దాని చైర్‌పర్సన్‌కు ఫోన్ చేసి చెప్పండి: ప్రశ్న ఒక్కొక్కటిగా అడగాలి, జవాబుకు ఆగాలి, యూనిఫాం కాలర్ గుచ్చుకుంటే చెవులు మూసుకుంటాడు, అది అమర్యాద కాదు. అదే గదిలో ముందు రోజు ఒకసారి కూర్చోబెడితే ఇంకా మంచిది. మామూలుగా తల్లిదండ్రులు లోపల ఉండరు. పిల్లవాడి మాట అర్థంకావడానికి మీరు పక్కన ఉండాల్సి వస్తే ముందే మాట్లాడుకోండి. లోపల ఉన్నప్పుడు మీరు జవాబులు అందించకూడదు. మనకు ఇది చాలా కష్టం, తెలుసు.

మెట్టు 7: 18వ పుట్టినరోజు

ఈగిల్ పనులన్నీ 18 నిండేలోపు పూర్తికావాలి. తీవ్రమైన, శాశ్వతమైన వైకల్యం వల్ల తోటివాళ్ల వేగంతో ముందుకెళ్లలేని వాళ్లు 512-935 నంబరు ఫారంతో వయసు దాటినా యువ సభ్యులుగా నమోదు కోరవచ్చు. హెల్త్ కేర్ ప్రొఫెషనల్ నింపిన భాగం, తల్లిదండ్రుల ఉత్తరం, ట్రూప్ లీడర్ ఉత్తరం కావాలి. స్వల్పంగా ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉంటే సాధారణంగా దీని కిందకు రాదు. ఊహించని ఆపద వల్ల సమయం చాలని మామూలు స్కౌట్లు అడిగే ఈగిల్ గడువు పొడిగింపు పూర్తిగా వేరే వ్యవహారం, దాని ఫారం వేరు. ఆఫీసులో అడిగేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పకపోతే తప్పు ఫారం చేతిలో పెట్టి పంపుతారు.

పదహారో ఏట మొదలుపెట్టండి. డాక్టర్ అపాయింట్‌మెంట్లు, కమిటీ సమావేశాలు, మధ్యలో వచ్చే వేసవి సెలవులు కలిపి నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఆమోదం వచ్చాక వయసు గడువు పోతుంది గానీ రిక్వైర్‌మెంట్లు పోవు. ప్రత్యామ్నాయాలు కావాలంటే నాలుగు, ఐదు మెట్లలో చెప్పిన అప్లికేషన్లు విడిగా పెట్టుకోవాలి, ప్రతి ఏడాదీ సభ్యత్వం రెన్యూ చేసుకోవాలి.